వెళ్లేటప్పుడే శాలువా కప్పుదాం

మన సంఘం ఉగాది సంచికకు పిల్లలూ విలువలూ అన్న విషయం మీద ఏదైనా రాయమని సంపాదకురాలు అడిగి చాలా రోజులైంది. ఆదివారం రాత్రికల్లా అందకపోతే ఆ పేజీలో ప్రకటన వేసుకుంటామని మొన్న మెసేజ్ పెట్టారు. వ్యోమగామి రాజా చారి గారి గురించి రాస్తానని వంటింట్లో మావారితో అంటుంటే, గరాజ్ తలుపు దగ్గర బూట్ల లేసులు ముడేసుకుంటున్న మా పెద్దవాడు తలెత్తకుండానే అన్నాడు:

"స్పేస్‌కి వెళ్లొచ్చాక అందరూ చప్పట్లు కొడతారమ్మా. ఆయన హైస్కూల్ అయిపోగానే ఎయిర్‌ఫోర్స్ అకాడమీకి వెళ్తానన్నప్పుడు నువ్వు వాళ్ల పక్కింట్లో ఉంటే ఏమనేదానివి?"

అని ప్రాక్టీస్‌కు వెళ్లిపోయాడు. వాడు ఊరికే అనలేదు. జూనియర్ ఇయర్, క్రాస్‌కంట్రీ టీమ్. వేసవి నుంచి అదే అకాడమీ వెబ్‌సైట్ చూస్తున్నాడు. కాంగ్రెస్ సభ్యుడి నామినేషన్ ఎలా అడగాలో, ఫిట్‌నెస్ పరీక్షలో మైలు పరుగు ఎంతలో ముగించాలో, పుల్‌అప్స్ ఎన్ని తియ్యాలో గోడ మీద రాసి అంటించుకున్నాడు. ఆ కాగితాన్ని నేను రోజూ చూస్తున్నాను. దాని గురించి మాత్రం మాట్లాడుకోలేదు.

రాజా చారి పేరు మన వేదికల మీద వినని వాళ్లు లేరు. ఆయన తాతగారిది ఉమ్మడి పాలమూరు జిల్లా అనీ, ఉస్మానియాలో గణితం చెప్పారనీ మన పత్రికలు రాసినప్పుడు మా ఊరు వీపనగండ్ల నుంచి మా చిన్నాయన ఆ కటింగ్ ఫోటో తీసి పంపాడు. తండ్రి శ్రీనివాస్ చారి ఇంజినీరింగ్ చదవడానికి ఈ దేశం వచ్చి, మన అయోవాలోనే వాటర్లూలో జాన్ డీర్‌లో పనిచేశారు. కొడుకు సీడర్ ఫాల్స్‌లో పెరిగాడు. 1999లో అకాడమీ డిగ్రీ, ఆ తర్వాత ఎంఐటీలో మాస్టర్స్, ఎఫ్-15ఇ పైలట్, టెస్ట్ పైలట్. 2017లో నాసాకు 18,300కు పైగా దరఖాస్తులు వస్తే ఎంపికైన 12 మందిలో ఒకడు. 2021 నవంబరులో క్రూ-3 అంతరిక్ష యాత్రకు కమాండర్‌గా వెళ్లి, 177 రోజులుండి, 2022 మేలో దిగాడు. అంతకుముందు అంతరిక్షానికి వెళ్లని మనిషికి నాసా ఇలా నౌక మొత్తం అప్పగించి దాదాపు యాభై ఏళ్లయింది.

మనం శాలువా కప్పేది చివరి రెండు వాక్యాలకు. 1995లో ఆ కుర్రాడు ఇల్లు వదిలిన రోజుకు కాదు. అకాడమీకి ఫీజు లేదు, నిజమే. కానీ డిగ్రీ అయ్యాక కనీసం ఐదేళ్లు యూనిఫాంలో ఉండాలి. పైలట్ అయితే రెక్కలు తగిలించుకున్న రోజు నుంచి పదేళ్లు. అక్కడ ప్రతి క్యాడెట్టూ ఏదో ఒక ఆట ఆడి తీరాలి. చదువులో మంచి మార్కులొచ్చాయి కదా అని ఆట మానడం కుదరదు. మనమేమో సరిగ్గా పదకొండో తరగతిలో ఆట మాన్పిస్తాం. ఎస్‌ఏటీ ఉంది, ఏపీలున్నాయి, ఇంటర్న్‌షిప్ ఉంది. మాన్పించకపోతే కాలేజీ అప్లికేషన్‌లో ఒక గడి నింపడానికి ఉంచుతాం. పిల్లవాడు చెమటోడ్చి నేర్చుకున్నదాన్ని మనం వాడి రెజ్యూమేలో ఒక పంక్తి చేసేస్తున్నాం.

మా ఊళ్లో జడ్పీ హైస్కూల్ మైదానంలో నేనూ ఖోఖో ఆడినదాన్నే. మండల స్థాయి పోటీలకు లారీలో పోయేవాళ్లం. పదో తరగతితో అది ఆగిపోయింది. ఆడొద్దని ఎవరూ అనలేదు. ఇంటర్‌కు చేరిన హాస్టల్లో మైదానమే లేదు. ఇక్కడ మన పిల్లలకు మైదానాలున్నాయి, కోచ్‌లున్నారు, శనివారాలు తెల్లారకముందే లేచి తీసుకెళ్లే తల్లిదండ్రులున్నారు. ఇన్ని ఉండి కూడా పిల్లవాడు ఆటను తన జీవితంలో భాగం చేసుకుంటాననగానే మనకు గుండె జారుతుంది.

మనలో చాలామంది ఏటా ఒక్కసారైనా కినిక్ స్టేడియంలో కూచుంటాం. మొదటి క్వార్టర్ అయ్యాక వెనక్కి తిరిగి, పిల్లల ఆసుపత్రి కిటికీల్లోంచి చూస్తున్న పసివాళ్లకు చేతులూపుతాం. ఆ ఆచారం 2017లో మొదలైంది. అంతకంటే చాలా పాతదైన ఆ స్టేడియం పేరు గురించి మాత్రం మన పిల్లలకు ఎప్పుడైనా చెప్పామా?

నైల్ కినిక్ అడెల్ అనే చిన్న ఊళ్లో 1918లో పుట్టాడు. 1939లో అయోవా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆడిన తీరు చూసి వాళ్లను ఉక్కుమనుషులన్నారు. ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీ అతనిదే. అంతటి ఆటగాడూ చదువులో ఫై బీటా కప్పా గౌరవం పొందినవాడు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ వాళ్లు డబ్బిస్తామని పిలిస్తే వద్దని లా స్కూల్‌లో చేరాడు. ట్రోఫీ అందుకున్న రోజు ప్రసంగంలో, యూరప్ యుద్ధరంగాల్లో కాకుండా ఈ మిడ్‌వెస్ట్ ఆటమైదానాల్లో పోరాడుతున్నందుకు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. యుద్ధాన్ని కోరుకున్న మనిషి మాటలు కావవి. అయినా నౌకాదళ వైమానిక రిజర్వులో చేరి, పెర్ల్ హార్బర్‌కు మూడు రోజుల ముందు డ్యూటీకి హాజరయ్యాడు. 1943 జూన్ 2న లెక్సింగ్టన్ విమానవాహక నౌక నుంచి శిక్షణకు ఎగిరిన వైల్డ్‌క్యాట్ విమానంలో ఆయిల్ లీకైంది. నౌక దాకా రాలేక సముద్రం మీద దించాడు. మనిషి దొరకలేదు. ఇరవై ఐదో పుట్టినరోజుకు ఇంకా నెల పైచిలుకు ఉంది.

మరుసటి ఏడాది అతని తమ్ముడు బెన్ కూడా పైలట్‌గానే యుద్ధంలో పోయాడు.

ఈ వాక్యం రాసి లేచి కాసేపు పెరట్లో తిరిగొచ్చాను. ముగ్గురు కొడుకుల్లో ఇద్దరిని పోగొట్టుకున్న ఆ తల్లిని తలచుకోకుండా నేనీ వ్యాసం రాయలేను. యుద్ధం ముగిశాక స్టేడియానికి నైల్ పేరు పెడతామంటే తండ్రే వద్దన్నాడు. ఎందరో ఇళ్ల పిల్లలు పోయారు, మావాడొక్కడి పేరే ఎందుకని ఆయన బాధ. చివరికి 1972లో గానీ ఒప్పుకోలేదు. ఈ రోజు స్టేడియం ముందున్న కంచు విగ్రహంలో నైల్ పరుగెత్తే ఆటగాడిలా లేడు, పుస్తకాలు పట్టుకున్న విద్యార్థిలా నిలబడి ఉన్నాడు. వచ్చే సీజన్‌లో పిల్లలను అక్కడ ఆపి, చేతిలో ఆ పుస్తకాలు ఎందుకున్నాయో చెప్పండి.

రెండువైపులా చెప్తానని సంపాదకురాలికి మాటిచ్చాను కనుక భయపడే తల్లిదండ్రుల మాట కూడా రాస్తాను. ఆ భయం చిన్నది కాదు. పొట్ట చేతపట్టుకుని ఇంత దూరం వచ్చింది కొడుకును యుద్ధానికి పంపడానికా అని ఒక అక్క నన్నడిగింది. యుద్ధం ఎక్కడ, ఎందుకు అన్నది యూనిఫాం వేసుకున్నవాడు నిర్ణయించడు. రాజా చారి ఎఫ్-15ఇ నడిపింది ఇరాక్ యుద్ధంలో. ఆ యుద్ధం తప్పని మనలో ఎంతోమంది అప్పుడూ అన్నాం, ఇప్పుడూ అంటాం. నేనూ అంటాను. పదిహేడేళ్ల పిల్లవాడికి సంతకం బరువు తెలియదన్న వాదన కూడా నిజమే. తెలియజెప్పాల్సింది మనమే. నిబంధనలు పక్కన కూచుని చదవాలి, సర్వీసులో ఉన్నవాళ్లతో మాట్లాడించాలి, మధ్యలో మనసు మారితే ఏమవుతుందో కనుక్కోవాలి.

ఇంతవరకూ నాకు అభ్యంతరం లేదు. కన్నీళ్లతో అడ్డం పడడం దగ్గరే నాకు పేచీ. "నా మీద ఒట్టు" అని ఆపిన పిల్లలు ఆగుతారు. ఆగి, మనకు నచ్చిన డిగ్రీ చేసి, మనతో మాట్లాడడం తగ్గిస్తారు. అలాంటి ఇళ్లు మన మధ్య ఉన్నాయి, నాకూ మీకూ తెలుసు.

మా నాయన వీపనగండ్లలో ఉంటాడు. పల్లీ పండించి మమ్మల్ని చదివించాడు. సంగతి ఆయన దాకా పోయింది, ఫోన్ చేశాడు.

"ఏం బిడ్డా, పిల్లగాడు విమానం నడుపుతనంటే నువ్వు అన్నం తింటలేవంట?"

"మిలిట్రీ గదా నాయనా."

"మనూర్లల్ల డ్యాములు కట్టనీకి పోయినోళ్లు అందరు తిరిగొచ్చిండ్రా? సొరంగాలల్ల, బండల కింద ఎందరు పోయిండ్రు? వాళ్లను తోలిన తల్లులు తల్లులు గారా? వాళ్లు కడుపుకు లేక పోయిండ్రు. నీ కొడుకు సదువుకుని, సోంచాయించుకుని, నేను పోతనంటున్నడు. దుండిగల్‌ల ఆడపిల్లలే యుద్ధ విమానాలెక్కంగ టీవీల జూసిన. నువ్వు ముందుగాల వానితోని మాట్లాడు."

దుండిగల్ వైమానిక అకాడమీలో 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లయ్యారు. మా నాయన చూసిందదే. పాలమూరు కూలీలు కట్టని ప్రాజెక్టు దేశంలో లేదంటారు. పనికోసం పిల్లలను దూరం పంపి దారిచూసిన జిల్లా మాది. ఆ ముసలాయన మాట విన్నాక నాకు రెండోవైపు వాదన బలంగా రాయడం చేతకావడం లేదు. సంపాదకురాలు క్షమించాలి.

విలువలంటే మనం పిల్లలకు పండగ పూట పంచె కట్టడం, శ్లోకం నేర్పడం, పెద్దల కాళ్లకు దండం పెట్టించడం అనుకుంటున్నాం. అవి ఉండాలి. మావాడికీ నేర్పాను. అయితే తెల్లవారుజామున మంచులో ఎవరూ చూడకపోయినా పరుగు పూర్తిచేసేవాడు, జట్టులో తనకంటే వెనకబడినవాడి కోసం ఆగేవాడు, నాకింత ఇచ్చిన నేలకు నేనేమిస్తానని అడిగేవాడు నేర్చుకున్నవి కూడా విలువలే. వాటిని మనం నేర్పలేదు, కోచ్‌లు నేర్పారు. అందుకే మనకవి కనబడడం లేదేమో.

ఈ రాత్రి వాడితో కూచున్నాను. గోడ మీది కాగితం తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. ఒక్కొక్కటీ చదివాం. వెళ్లమని గానీ వద్దని గానీ నేననలేదు. దరఖాస్తు పెట్టేటప్పుడు నేనూ పక్కన ఉంటానన్నాను.

మన సంఘం ప్రతి మేలో గ్రాడ్యుయేషన్ రోజు వేదిక మీదికి పిలిచే పేర్ల పట్టికలో స్పెల్లింగ్ బీ ఉంది, మెడికల్ స్కూల్ ఉంది, ఐవీ లీగ్ ఉంది. ఈ ఏడాది కార్యవర్గం వారిని నేను కోరేది ఒకటే. కాలేజీ జట్టులో చోటు సంపాదించిన పిల్లలనూ, అకాడమీకో ఆర్‌ఓటీసీకో వెళ్తున్న పిల్లలనూ, నేరుగా సైన్యంలో చేరుతున్న పిల్లలనూ అదే వేదిక మీదికి, వాళ్ల తల్లిదండ్రులతో సహా పిలవండి. పతకం వచ్చేదాకా, రెక్కలు వచ్చేదాకా ఆగకండి. మీ ఇంట్లో గానీ మీ పక్కింట్లో గానీ అలాంటి పిల్లలుంటే ఏప్రిల్ నెలాఖరులోగా కార్యదర్శికి పేరు పంపండి. శాలువాలు నేను తెస్తాను.