తెలియక చేసిన హాని, తెలిశాక చేసే హాని

చంపాలన్న తలంపు లేకుండా జరిగిన చావుకు బాధ్యులెవరు? కర్మ అంటే చేతన, అంటే సంకల్పం అంటుంది బౌద్ధం. దారిన పోయేవాడి కాలికింద తెలియక చీమ నలిగితే అది హత్య కాదు. ఇది న్యాయమైన మాటే. కానీ ఒక జాతి మొత్తం అలా నలిగిపోతే?

పనామా దేశపు కొండ అడవుల్లో రాబ్స్ చెట్టుకప్ప ఉండేది. వెడల్పాటి వేళ్ల పొరలు చాపి, చెట్టు పైనుంచి గాలిలో తేలుతూ దిగేది. చెట్టు తొర్రలో నిలిచిన నీటిలో ఆడకప్ప గుడ్లు పెట్టి వెళ్లిపోతే మగకప్ప కాపలా కాసేది. తన వీపు చర్మాన్నే పిల్లలకు ఆహారంగా ఇచ్చేది.

2006లో ఆ ప్రాంతానికి కైట్రిడ్ అనే శిలీంధ్రం చేరింది. కప్ప నీటినీ లవణాలనూ చర్మం ద్వారానే గ్రహిస్తుంది. ఈ జబ్బు ఆ చర్మాన్నే పట్టి, లవణాల సమతూకం చెడగొట్టి, చివరికి గుండెను ఆపేస్తుంది. 2007 తర్వాత అడవిలో ఈ కప్ప అరుపు ఎవరూ వినలేదు. శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టింది 2008లో! అమెరికాలోని అట్లాంటా ఉద్యానవనంలో మిగిలిన చివరి మగకప్ప 2016 సెప్టెంబరు 26న చనిపోయింది. జాబితాల్లో మాత్రం అది ఇంకా 'తీవ్ర ప్రమాదంలో ఉన్న, బహుశా అంతరించిన' జాతే.

ఈ శిలీంధ్రం తూర్పు ఆసియాలో పుట్టింది. దాన్ని ఖండాలు దాటించింది ముఖ్యంగా మనుషుల వ్యాపారం. తిండికి, ప్రయోగాలకు, పెంపకానికి బతికున్న కప్పలను ఓడల్లో, విమానాల్లో పంపారు. 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం 501 ఉభయచర జాతులు దీనివల్ల క్షీణించాయి, వాటిలో 90 అంతరించాయని భావిస్తున్నారు.

మొదటి వ్యాపారులకు ఈ సంగతి తెలియదు. వారిని హంతకులనలేం. అయితే 1999లో ఈ శిలీంధ్రానికి పేరు పెట్టారు. 2008లో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ దాన్ని తప్పక తెలియజేయాల్సిన జబ్బుల్లో చేర్చింది. ఆ తర్వాత పరీక్ష లేకుండా సరుకు పంపేవారికి 'తెలియదు' అనే సాకు లేదు. చంపాలన్న కోరిక లేకపోవచ్చు. చచ్చినా ఫరవాలేదన్న నిర్ణయం ఉంది. అదీ చేతనే.

ప్రమాదం అనే మాటను మనం ఆపద అనే అర్థంలో వాడతాం. పాలిలో పమాదం అంటే ఏమరుపాటు. ఈ కప్ప కథలో రెండు అర్థాలూ ఒక్కటయ్యాయి. మన ఏమరుపాటే దానికి ఆపద.

ఆపడం అసాధ్యమేమీ కాదు. మన దేశం 1987లోనే కప్పకాళ్ల ఎగుమతిని నిషేధించింది. ప్రాణిహింస మానడమంటే చెయ్యెత్తకపోవడం మాత్రమే కాదు. మన కొనుగోళ్లు, మన లాభాలు ఎక్కడో కనిపించని ప్రాణిని ఏం చేస్తున్నాయో విచారించడం కూడా. తెలుసుకోగలిగీ తెలుసుకోకపోవడం అమాయకత్వం కాదు.