సైకిలు వాహనమేనా?

చొల్లంగి అమావాస్య నాడు తెల్లారగట్ల మూడు మునకలు వేసి, తడి పంచె పిండి సైకిలు హ్యాండిల్ మీద ఆరేసుకుని, గట్టున నుంచున్న పంతులుగారిని అడిగాను. "సైకిలు మీద సప్తసాగర యాత్ర చేస్తే ఫలం ఉంటుందాండీ?" ఆయన నా సైకిలు వంక ఒకసారి, నా నెరిసిన గడ్డం వంక ఒకసారి చూసి, "తొక్కేది మీ కాళ్ళే కదండీ మేష్టారూ" అని, తన మోటారుసైకిలు స్టార్టు చేసుకుని వెళ్ళిపోయారు. నేను మేష్టరునని ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఆ జవాబు నాకు చాల్లేదు. ముప్పైనాలుగేళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. స్టెప్పులు రాయకుండా ఆన్సరు రాస్తే మార్కులు వేసే అలవాటు లేదు.

నా అనుమానం మత్స్యపురాణం పెట్టింది. ప్రయాగ మాహాత్మ్యం చెప్పేచోట, ఐశ్వర్యం వల్ల గానీ, లోభం వల్ల గానీ, మోహం వల్ల గానీ వాహనమెక్కి వెళ్ళినవాడికి ఆ తీర్థం నిష్ఫలం అంటుంది. ఎద్దునెక్కి వెళ్ళేవాడికైతే నరకమే. ఎద్దు సంగతి నాకు బోధపడుతుంది: చెమట దానిది, పుణ్యం మనది అంటే ఏ దేవుడొప్పుకుంటాడు? సైకిలుకి ఆ పేచీ లేదు. చెమటా నాదే, మోకాళ్ళ నొప్పీ నాదే. అయితే వెనక నుంచి గాలి తోలినప్పుడూ, వంతెన దిగేటప్పుడూ కాళ్ళు ఊరికే ఉంటాయి, చక్రాలు వాటి మానాన అవి తిరుగుతాయి. ఆ కాస్త దూరం ఎవరి ఖాతాలో వెయ్యాలి?

ఈ యాత్ర మాకు ఇంటి వ్యవహారం. గోదారి ఏడుగురు ఋషుల పేర ఏడు పాయలై సముద్రంలో కలిసిందని నమ్మకం. తుల్యభాగ, ఆత్రేయ, భరద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ. పుష్య బహుళ అమావాస్యకి చొల్లంగిలో మొదలుపెట్టి, ఏడు సంగమాల్లో మునిగి, మాఘ శుద్ధ ఏకాదశికి, అదే భీష్మ ఏకాదశికి, అంతర్వేది చేరాలి. పిల్లలు లేనివాళ్ళు ఎక్కువగా చేసేవారు. మా బామ్మ పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి చేసింది, కొంత పడవలో, కొంత బండిలో. ఆ మరుసటేడు మా నాన్న పుట్టాడు. ఆ లెక్కన నేను ఆ పుణ్యం మీద వడ్డీని.

మా నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. తలుపులెత్తడం, దించడం, గట్టు గండి పడకుండా చూసుకోవడం ఆయన పని. బామ్మ మాత్రం ఆ కాలువలో ఏనాడూ సంకల్పం చెప్పుకుని మునగలేదు. "కాలవలో మునిగితే ఒళ్ళు శుభ్రం, గోదాట్లో మునిగితే జన్మ శుభ్రం" అనేది. నాన్న నవ్వేవాడు. "ధవళేశ్వరంలో తలుపెత్తితే వచ్చిన నీళ్ళేనే అమ్మా ఇవి. తలుపు దాటగానే మైల పడ్డాయా?" ఆవిడ దగ్గర జవాబు లేదు, అయినా ఒప్పుకోలేదు.

1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట కట్టించాక గోదారి దారులు మారాయి. ఋషులు తెచ్చిన పాయల్లో కొన్ని వెతికినా దొరకవు. ఏడు సంగమాలెక్కడని అడిగితే ఊరికో జాబితా చెబుతారు. కశ్యపుడి పేర వెలసిన తుల్యభాగని ఇరిగేషన్ వాళ్ళ కాగితాల్లో తుల్యభాగ డ్రెయిన్ అంటారు. మురుగు పోయే డ్రెయినులో మునిగితే పుణ్యమూ, తాగే నీరొచ్చే కాలవలో మునిగితే ఒళ్ళు శుభ్రమూనా! బామ్మ ఉంటే ఈ మాట మీద వారం రోజులు నాతో మాట్లాడేది కాదు.

హైవే వదిలేసి, వీలున్నచోటల్లా కాలవ గట్టే పట్టుకున్నాను. రోజుకి పాతిక కిలోమీటర్లు దాటలేదు. మాఘం కాబట్టి దాళ్వా నాట్లు, చేలల్లో పచ్చదనం అప్పుడప్పుడే తిరుగుతోంది. వంతులవారీ నీళ్ళు. ఒక కాలవ నిండుగా ఉంటే పక్క కాలవలో బాతులు నడుస్తున్నాయి. ఈ గట్ల మీద ఒకప్పుడు మనుషులు భుజాన తాడేసుకుని రాదారి పడవలు లాగారు. సైకిలు మీద షికారుగా పోతుంటే ఆ సంగతి గుర్తొచ్చి కాస్త సిగ్గేసింది. గట్టు చదునుగా ఉన్నది నా కోసం కాదు, వాళ్ళ పాదాల కోసం. బామ్మ ఎక్కిన పడవనీ ఎవరో లాగే ఉంటారు. మత్స్యపురాణం ప్రకారం ఆవిడ పుణ్యం ఏమైనట్టు? మరి మా నాన్న పుట్టాడు కదా.

యానాం దగ్గర వంతెన మీద గౌతమి దాటి, ముమ్మిడివరం, అమలాపురం, అంబాజీపేట మీదుగా పి. గన్నవరం చేరాను. అంతర్వేదికి అది చుట్టుదారి. అక్కడ అక్విడక్టు చూడాలని వెళ్ళాను. కింద వైనతేయ పాయ, దాని నెత్తిన వంతెన కట్టి దాని మీద నుంచి కాలవ. కిందా గోదారే, పైనా గోదారే. పోనీ కింది పాయైనా పుణ్యనదా అంటే, ఏడింటిలో వైనతేయకి చోటు లేదు. పిట్టగోడకి సైకిలు ఆనించి గంటసేపు నుంచున్నాను. ఏ నీళ్ళకి దణ్ణం పెట్టాలో తేల్లేదు, రెండింటికీ పెట్టాను.

కొత్త అక్విడక్టుకి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్ళకల్లా అన్నం పెట్టిన ఇల్లాలు, 1909లో పోయారు. మా వైపు ఆవిడ గురించి చెప్పుకునే కథ ఒకటుంది. అతిథులతో తీరిక లేని ఆవిడ ఒకసారి ఎలాగో అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకీలో బయల్దేరారు. బోయీలు దారిలో దింపి అలుపు తీర్చుకుంటుంటే, ఆకలికి ఏడుస్తున్న పిల్లల్ని ఎవరో ఊరుకోబెడుతున్నారు: ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం వెళ్తే సీతమ్మగారు అన్నం పెడతారని. ఆవిడ పల్లకీ వెనక్కి తిప్పించారు. వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి రాజేశారు. స్వామిని చూడలేదు.

వాహనమెక్కింది, పైగా గమ్యం చేరలేదు. పురాణం లెక్కన సున్నా. మా గోదారి జిల్లాల్లో ఆ లెక్క ఒప్పుకునేవాడు ఒక్కడు దొరకడు.

అప్పుడు నాకొకటి తట్టింది. పురాణం వద్దన్నది చక్రాన్నీ పల్లకీనీ కాదేమో, దారిలో మాట వినపడనంత వేగాన్నేమో. పల్లకీ దిగింది గనక ఆవిడకి పిల్లల ఏడుపు వినిపించింది. సైకిలు మీద పోయేవాణ్ణి ఎవరైనా కేకేసి ఆపొచ్చు, కారులో అద్దాలెత్తుకుని పోయేవాణ్ణి ఆపలేరు. జవాబు దొరికిందని, స్టెప్పులతో సహా, తాటిపాక దాకా ఈల వేసుకుంటూ తొక్కాను.

మర్నాడు ఏకాదశి. రాజోలు దాటాక ఒక ముసలామె మూట పట్టుకుని గట్టు మీద నుంచుంది. "బాబూ, ముందూరి దాకా ఎక్కించుకుంటావా?" మధ్యాహ్నం రథం లాగే వేళకి అంతర్వేదిలో ఉండాలని నా తొందర. "క్యారియర్ మీద సామానుందమ్మా" అన్నాను. ఉన్నదల్లా ఒక సంచి, ఒక పంచె. మూడు కిలోమీటర్లు పోయాక పెడలు బరువెక్కింది. వెనక్కి తిప్పాను. తిరిగి వెళ్ళేసరికి ఆమె లేదు. స్కూటరబ్బాయి ఎవరో ఎక్కించుకుపోయాడని కొబ్బరికాయలు వలుస్తున్నాయన చెప్పాడు. అక్కడే వెనక టైరులో తుమ్మ ముల్లు దిగింది. పంక్చర్ వేసే కొట్టు వెతికేసరికి పొద్దు వాలింది. రథమూ పోయింది, ముసలామెకి సాయం చేసే వీలూ పోయింది. కాలినడకన వచ్చి ఉంటే కనీసం సామాను సాకు ఉండేది కాదు.

ద్వాదశి నాడు అంతర్వేది చేరాను. రథం కదలకుండా ఒక పక్కన నిలబడి ఉంది. వీధిలో చెరుకు పిప్పి, చిరిగిన రంగు కాయితాలు. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర వసిష్ఠ సముద్రంలో కలిసేచోట ఏడో మునక వేశాను. సంకల్పంలో ఫలం ఎవరికని చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ ముసలామె పేరు తెలియక ఆగాను. గోత్రం అంతకన్నా తెలియదు. "రాజోలు గట్టు మీద మూటతో ఉన్నామెకి" అన్నాను. పక్కన మునుగుతున్నాయన నా వంక వింతగా చూశాడు.

ఈ దారిన సైకిలు మీద వెళ్ళాలనుకునేవాళ్ళు అదనంగా ఒక ట్యూబు పెట్టుకోండి. క్యారియర్ మాత్రం ఖాళీగా ఉంచండి.