ఎదుగుదల ఆపడం హింస అవుతుందా?

కాండిడా ఆల్బికన్స్ అనే ఈస్ట్ ఆరోగ్యవంతుల నోటిలోనూ పేగుల్లోనూ ఉంటుంది. రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు హద్దు మీరి పెరుగుతుంది; రక్తంలోకి చేరితే ప్రాణాంతకమవుతుంది. దీనికి వాడే మందుల తీరు ఒకటి కాదు. ఆంఫోటెరిసిన్ బి ఈస్ట్ కణపొరలోని ఎర్గోస్టెరాల్‌కు అంటుకుని, పొరను దెబ్బతీసి కణాన్ని చంపుతుంది. ఫ్లూకోనజోల్ ఆ ఎర్గోస్టెరాల్ తయారీకి కావలసిన ఎంజైమును అడ్డుకుంటుంది. కణాలు చాలావరకు చావవు. వాటి ఎదుగుదల ఆగిపోతుంది, లేదా మందగిస్తుంది.

జైన దర్శనం ముందు ఈ తేడా నీతి ప్రశ్న అవుతుంది. స్పర్శజ్ఞానం ఒక్కటే ఉన్న ఏకేంద్రియ జీవులకూ అక్కడ ఆత్మ ఉంది. కంటికి కనిపించని నిగోద జీవుల గురించీ జైన గ్రంథాలు చెబుతాయి. ఈస్ట్‌నూ ఈ వరుసలో చేర్చితే, చంపే మందుకన్నా ఎదుగుదల ఆపే మందు అహింసకు దగ్గరా?

మందు పనిచేసే తీరు చూస్తే ఔననడం కష్టం. ఫ్లూకోనజోల్ నిలువరించిన ఈస్ట్‌ను తుదముట్టించేవి రోగి తెల్లరక్తకణాలు. ఆ కణాలు బాగా తగ్గినవారికి ఈస్ట్ తీవ్రంగా సోకినప్పుడు వైద్యులు చంపే మందువైపు మొగ్గడానికి ఇదొక కారణం. జైన నీతిలో తాను చేయడం, ఇతరులచేత చేయించడం, చేసినదాన్ని మెచ్చడం మూడూ కర్మబంధానికి దారులే. చంపే పనిని మరొకదానికి వదిలినంత మాత్రాన బాధ్యత తీరదు.

అసలు తేడా ఇంకోచోట ఉంది. ఉమాస్వాతి రాసిన జైన గ్రంథం తత్త్వార్థసూత్రం ప్రకారం ఏమరుపాటుతో ప్రాణానికి హాని చేయడమే హింస. గృహస్థులు పాటించే పరిమిత వ్రతమైన అణువ్రతం కదలగల జీవులను కావాలని చంపవద్దంటుంది; ఏకేంద్రియాలకు కొంత హాని తప్పదని ఒప్పుకుంటూనే, అనవసరమైనదాన్ని మానుకోమంటుంది. సాధువుల మహావ్రతానికి ఆ సడలింపు లేదు కనుక వారి చికిత్స మరింత జటిలమైన ప్రశ్న.

ఈ కొలతతో చూస్తే, రోగం నిర్ధారించుకుని తగిన మోతాదులో వాడిన మందు చంపేదైనా ఆపేదైనా గృహస్థుకు దోషం తక్కువ. అవసరం లేకుండా వాడినది ఏమరుపాటే. అలా వాడినప్పుడు లొంగే కణాలు తగ్గి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. మందుకు లొంగని ఈస్ట్ ఎంత చేటో కాండిడా ఆరిస్ చూపుతోంది. 2009లో జపాన్ పరిశోధకులు తొలిసారి వర్ణించిన ఈ జాతిలో చాలా రకాలపై ఫ్లూకోనజోల్ పనిచేయదు. ఆస్పత్రుల్లో అది ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. ఏకేంద్రియంపై చూపిన ఏమరుపాటు చివరికి పంచేంద్రియుడైన మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అహింస దృష్టిలో దాని దోషం పెద్దది కావడానికి కారణం అదే.