రాయి వెనక బంగారం

చెరువు నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉంటే మెచ్చుకుంటాం. మనసులో ఉన్నది మొహంలో కనిపించే మనిషిని కల్మషం లేనివాడంటాం. ఉంగరంలో వజ్రం గుండా వెనకున్న లోహం కనిపిస్తే మాత్రం మొహం చిట్లిస్తాం. స్వచ్ఛత కావాలి, కాని అది తన వెనకున్నదాన్ని చూపించకూడదు. ఈ కోరికలో న్యాయమెంత? మా ఇంట్లో నడిచిన ఒక వాదం వల్ల ఈ ప్రశ్న నాకు దాపురించింది.

ముందు రాయి సంగతి చెప్పుకుందాం. వజ్రం లోపలికి పోయిన వెలుతురు అడుగు ముఖాన్ని సుమారు 24 డిగ్రీలకు మించిన వాలుతో తాకితే బయటికి పోలేదు. అద్దం మీద పడ్డట్టు వెనక్కి తిరుగుతుంది. మామూలు గాజుకు ఈ హద్దు 41, 42 డిగ్రీల దాకా ఉంటుంది. అందుకే గాజు గుండా వెనకున్నది సులువుగా కనిపిస్తుంది. వజ్రానికున్న ఈ గుణాన్ని లెక్కగట్టి, గుండ్రటి రాయిని ఏ కోణాల్లో సానబడితే ఎక్కువ మెరుస్తుందో 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఒక పుస్తకమే రాశాడు.

ఎమరాల్డ్ కట్ దారి వేరు. పెళుసైన పచ్చరాళ్ళు చిట్లకుండా మూలలు కత్తిరించి సానబట్టే పద్ధతి అది, వజ్రాలకూ వాడతారు. పైన బల్లలాంటి వెడల్పాటి ముఖం, కింద కోనేటి మెట్లలాంటి వరసలు. అడుగు మెట్టు వాలు తక్కువైతే అక్కడ వెలుతురు వెనక్కి తిరగకుండా దాటిపోతుంది. ఉంగరాన్ని కాస్త వంచితే అక్కడొక కిటికీ తెరుచుకున్నట్టుంటుంది. అందులోంచి వేలి చర్మం, రాయిని పట్టుకున్న లోహం కనిపిస్తాయి. లోపల మచ్చ ఉన్నా ఈ కోతలో సులువుగా దాగదు.

మా చెల్లెలి కూతురికి కోయంబత్తూరులో నిశ్చితార్థం జరిగినప్పుడు పెళ్ళికొడుకు తొడిగింది ఇలాంటి ఉంగరమే. నాలుగు రోజులకు వాళ్ళ పెద్దమ్మ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూసి, 'వెనకాల బంగారం తెలుస్తా ఉంది. వజ్రమైతే ఇట్లా తెలుస్తుందా?' అంది. కాగితం మీద పెడితే అక్షరాలు కనిపించే రాయి గాజురాయేనని ఆమె చిన్ననాటి నుంచి విన్న మాట. గుండ్రటి వజ్రం విషయంలో ఆ మాట చాలావరకు పనికొస్తుంది, ఈ కోతకు పనికిరాదు. కాని ఆమెను తప్పుపట్టలేను. పిల్లనిచ్చే ఇంటివాళ్ళు రాయి గురించి అడుగుతున్నారంటే నిజానికి మనుషుల గురించి అడుగుతున్నారని అర్థం. అది గాజని తేలితే పెళ్ళి ఆగిపోయేదే.

ఎవరికీ చెప్పకుండా తెలిసిన ఆచారికి చూపించి రమ్మని నాకు పని ఒప్పజెప్పారు. పిల్ల ఒప్పుకోలేదు. 'చెప్పకుండా చూపించేది నావల్ల కాదు మామా. ఆయనతో చెప్పే చూపిస్తాం' అంది. చెప్పింది కూడా. ఆ అబ్బాయి నొచ్చుకోలేదు. 'చూపించండి, దాంట్లో తప్పేముంది? వెనకాల తెలుస్తా ఉందని తెల్ల లోహంలోకి మాత్రం మార్చొద్దు. అది మా అమ్మ గాజు కరిగించి చేయించింది' అన్నాడు. పరీక్షలో రాయి వజ్రమనే తేలింది. పెద్దమ్మకు ఇప్పటికీ ఆ పసుపు నీడ నచ్చదు, అది వేరే సంగతి.

అప్పటినుంచి దాచడం గురించి ఆలోచిస్తున్నాను. మన అవ్వల కమ్మలు, బేసరులు చాలావరకు క్లోజ్ సెట్టింగే. రాయి వెనక బంగారం మూసే ఉంటుంది, ఎంత వంచినా ఏమీ కనిపించదు. దాన్ని మోసమని ఎవరూ అనలేదు. వెనక బంగారం మూసి ఉందని చేసినవాడికీ తెలుసు, కొన్నవాళ్ళకూ తెలుసు. రాయి కింద మెరుపు రేకు పెట్టడమూ పాత విద్యే. 1568లో అచ్చయిన చెల్లీని స్వర్ణకార గ్రంథంలో దాని గురించి వివరంగా ఉంది. పేలవమైన రాయి కింద ఎర్రరేకు పెట్టి, ఆ ఎరుపంతా రాయిదేనని చెప్పి అమ్మితే మాత్రం అది దగా. రేకు రెండు చోట్లా ఒకటే. ఎదుటివాడికి తెలుసా లేదా అన్నదే తేడా. ఆచారి దగ్గరికి చాటుగా వెళ్ళిరావడం కూడా ఆ రెండో రకంలోకే వచ్చేది. ఇచ్చినవాడికి తెలియకుండా అతని నిజాయితీని తూచడమవుతుంది.

ఇక వెనకున్నది కనిపించడం లోపమా అన్న ప్రశ్న. రంగులేని వజ్రానికి బంగారపు ఛాయ తగలకూడదని ప్లాటినమో తెల్లబంగారమో వాడడం వ్యాపారంలో మామూలు. ఆ తెల్లబంగారం కూడా పూర్తిగా తెల్లన కాదు గనక పైన రోడియం పూత వేస్తారు. అరిగితే మళ్ళీ వేయించుకోవాలి. ఆసరా కనిపించకూడదన్న పట్టుదలతో ఆసరాకే వేషం వేస్తున్నామన్నమాట. అందం కోసం చేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. కాని పట్టుకున్నది కనిపించడమే రాయికి పరువు తక్కువ అనుకోవడం నాకు మింగుడుపడదు. ఏ వజ్రమూ గాలిలో నిలబడి మెరవదు. దాని మెరుపు కూడా బయటినుంచి వచ్చి తిరిగి పోయే వెలుతురే.

ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు మన మాట విని, 'మీ తెలుగులో తమిళం కనిపిస్తోందండీ' అంటారు. బెంగుళూరులో కన్నడం, బరంపురంలో ఒడియా కనిపిస్తుందంటారు. కనిపిస్తుంది. తరతరాలుగా మనల్ని పట్టి నిలిపిన నేల అది. అక్కడి బడి, అంగడి, ఇరుగుపొరుగు మన మాటలో తెలియకుండా ఎలా ఉంటాయి? చుట్టాలొచ్చినప్పుడు పిల్లల నోట ఆ మాటలు దొర్లకుండా అదిలించే ఇళ్ళు నాకు తెలుసు. అదిలించకండి. తెలుగు చదవడం, రాయడం నేర్పండి, అది మన బాధ్యత. ఆ మాట ఎక్కడిదని ఎవరైనా అడిగితే మాత్రం, పక్కింటివాళ్ళ దగ్గర నేర్చుకున్నామని పిల్లలనే చెప్పనివ్వండి.