స్టెప్పుల్లేని లెక్క

పండగా పబ్బమూ లేకుండా మా ఇంట్లో రవ్వకేసరి చేసిన రోజు ఒకటుంది. 2008 డిసెంబరు 13. అంతకు మూడు రోజుల ముందు మా వరంగల్లులో కాలేజీ నుంచి స్కూటరు మీద ఇంటికొస్తున్న ఇద్దరు ఇంజనీరింగు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. అప్పుడు మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ఆ మూడు రాత్రులూ దాని గది తలుపు తోసి చూసి రావడమే నా పని. శనివారం పొద్దున్నే టీవీ పెడితే, నిందితులు ముగ్గురూ మామునూరు దగ్గర ఎన్‌కౌంటర్లో పోయారన్న వార్త. ఆధారాల కోసం తీసుకెళ్తే ఎదురు తిరిగారు, ఆత్మరక్షణకి కాల్చాం అన్నారు పోలీసులు. కాలేజీ పిల్లలు వాళ్ళకి పూలగుత్తులిచ్చారు. నేను మూకుడు పొయ్యిమీద పెట్టాను. ఏం దాచుకోను, ఆ పూట నా ప్రాణం హాయిగా ఉంది.

అత్తమ్మకి చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చాను. ఆవిడది జనగామ దగ్గర పల్లెటూరు, అక్షరం రాదు. ఎందుకీ తీపి అంటే సంగతి చెప్పాను. చెంచా నోటిదాకా వెళ్ళి ఆగింది.

"వాల్లేనని ఎవరు జెప్పిన్రు?"

"పోలీసులు చెప్పారత్తమ్మా."

"పట్టుకున్నది వాల్లే, చెప్పింది వాల్లే, కాల్చింది వాల్లే. గడీల గూడ గట్లనే ఉంటుండె" అంటూ కేసరి తినేసింది. అవును, తినేసింది. అత్తమ్మ మహాత్మురాలేం కాదు, తీపంటే ప్రాణం.

ఆ మాట మాత్రం నా గొంతులో అడ్డం పడింది. విసునూరు గడీ లాంటివాటి కథలు ఆవిడ నోటే విన్నాను. గడీ ముందు నిలబెట్టాక ఫిర్యాదూ దొరదే, సాక్ష్యమూ దొరదే, తీర్పూ దొరదే. నిజంగా దొంగ దొరికినా, దొంగకాని వాడు దొరికినా ఊరికి తేడా తెలిసే వీల్లేదు. ఆ ముగ్గురూ చేయలేదని నేననడం లేదు సుమండీ. చేశారని తేల్చాల్సిన చోట తేల్చలేదు, అంతే. గాయపడ్డ అమ్మాయిల్లో ఒకరు ఆ నెలాఖరునే కన్నుమూసింది. ఆ పిల్లకి ఏం జరిగిందో నిండు కోర్టులో ఎవరూ చెప్పనే లేదు.

ఎదురింటి వదినతో అంటే ఒంటికాలి మీద లేచింది. "నీ బిడ్డకే అయ్యుంటే గిట్లనే మాట్లాడుదువా?"

మీరూ అదే అడుగుతారు, తెలుసు. నా బిడ్డకే అయ్యుంటే కత్తిపీట పట్టుకుని నేనే పోయేదాన్ని. అందుకే తీర్పు నా చేతిలో పెట్టకూడదంటాను. అలాంటి తల్లి ఎదురుగా ఎవణ్ణి నిలబెడితే వాణ్ణే నరుకుతుంది. సరైనవాణ్ణే నిలబెట్టారా అని చూసే కళ్ళు అప్పుడామెకుండవు.

ఇది ఊరికే అనడం లేదు. మా ఊళ్ళోనే జరిగింది. 1985 సెప్టెంబరులో నక్సలైట్లు యాదగిరిరెడ్డి అనే ఎస్సైని చంపారు. మర్నాడు, 3వ తేదీన, ఆయన అంతిమయాత్ర సాగుతుండగా అందులోంచి వచ్చినవాళ్ళు హనుమకొండలో డాక్టర్ రామనాథాన్ని ఆయన ఆస్పత్రిలోనే కాల్చి చంపారు. ఆయన పిల్లల డాక్టరు. పౌరహక్కుల సంఘం ఉపాధ్యక్షుడు. ఎస్సైని చంపడం ఘోరమే, ఆ దుఃఖమూ నిజమే. కానీ శిక్ష పడింది పసిపిల్లలకి మందు చీటీలు రాసుకునే మనిషికి.

ఆ సంఘానికి అప్పట్లో ప్రధాన కార్యదర్శి బాలగోపాల్. కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కల మాస్టారు. తర్వాత లాయరయ్యారు. పోలీసుల హింసనే కాదు, నక్సలైట్ల హింసనీ ప్రశ్నించారు. 1998లో మానవ హక్కుల వేదిక పెట్టి, 2009లో పోయేదాకా ఊరూరా తిరిగారు. లెక్కల మనిషికి ఈ గొడవలెందుకని మా వారే ఒకసారి అన్నారు. నాకేమో అది లెక్కల మనిషి పనే అనిపిస్తుంది. మా అమ్మాయి ఎనిమిదో క్లాసులో జవాబు కరెక్టుగా రాసి సున్నా తెచ్చుకుంది. అడగడానికెళ్తే టీచరు నోట్సు తిప్పి చూపించింది: "స్టెప్పుల్లేవండీ. పక్కపిల్ల పేపర్లో చూసిందో, చేసిందో నాకేం తెలుసు?"

ఎన్‌కౌంటరు జరిగితే కేసు రాయండి, కాల్చినవాళ్ళు కాకుండా సీఐడీయో వేరే స్టేషనువాళ్ళో దర్యాప్తు చెయ్యాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే కదా!

కోర్టులు ఏళ్ళూ పూళ్ళూ సాగదీస్తాయంటారా? సాగదీస్తాయి, ఒప్పుకుంటాను. కానీ 2019 జూన్‌లో హనుమకొండలో డాబా మీద తల్లి పక్కన నిద్రపోతున్న తొమ్మిది నెలల పసికందుని ఎత్తుకెళ్ళి చంపినవాడికి ఆగస్టు 8నే వరంగల్లు కోర్టు ఉరిశిక్ష వేసింది. రెండు నెలలు కూడా పట్టలేదు. నవంబర్లో హైకోర్టు దాన్ని యావజ్జీవం చేసినప్పుడు నాకు మండింది. ఇప్పటికీ కాస్త మంటే. అయినా ఆ ఫైలు తెరిస్తే ఎవరేం చెప్పారో, ఎవరేం అడిగారో, ఎందుకు మార్చారో వరసగా రాసుంటుంది. మనసు పడితే చేయొచ్చు అనడానికి అంతకంటే ఏం కావాలి? పూలగుత్తులు పట్టుకుని వెళ్ళిన మనం, ప్రతి కేసుకీ అలాగే జడ్జీలనివ్వండి, అంతే తొందరగా తేల్చండి అని ఒక్కసారైనా కాగితం పట్టుకుని వెళ్ళామా?

అదే సంవత్సరం డిసెంబరు 6. షాద్‌నగర్ దగ్గర నలుగురిని కాల్చేశారని తెల్లవారుజామునే వార్త. అప్పటికి అత్తమ్మ లేదు. వదిన లడ్డూల డబ్బా పట్టుకొచ్చింది.

2022 మే నెలలో సిర్పూర్కర్ కమిషన్ నివేదిక బయటికొచ్చింది. ఎదురుకాల్పులన్నది కట్టుకథ, చంపాలనే కాల్చారు, నలుగురిలో ముగ్గురికి అప్పటికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు అని తేల్చింది. పేపరు తీసుకెళ్ళి వదినకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. మడిచి నా చేతికిచ్చింది.

"ఆనాడు నేనిచ్చిన లడ్డు తిన్నవా, లేదా?"

తిన్నాను. సగం.