రుఫైదా (రజి) గుడారం



మంచాన పడ్డ రోగికి తనకెక్కించే మందు పేరు తెలియదు. పిలిస్తే పలికారా, మంచిగా మాట్లాడారా, సూది మెల్లగా గుచ్చారా అన్నవే తెలుస్తాయి. వాటితోనే ఆయన నర్సు సేవను తూకం వేస్తాడు.

హిజ్రీ 5వ సంవత్సరంలో జరిగిన కందక యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. గాయపడినవారికి సేవచేసే హజ్రత్ రుఫైదా (రజి) గుడారంలో ఆయన్ని ఉంచారు. మహాప్రవక్త (స) అటు వెళ్ళినప్పుడు, ఎలా ఉన్నావని ఉదయం, సాయంత్రం ఆయన్నే అడిగేవారు. రోగి మాటకు ఎంత విలువో చూడండి!

కాని రోగి బంధువులమైన మనం? మా అమ్మగారు ఆసుపత్రిలో ఉండగా ఒక రాత్రి సెలైన్ అయిపోయింది. ఆలస్యంగా వచ్చిన నర్సును మేము కసిరాము. ఆమె మారు పలకకుండా సీసా మార్చి వెళ్ళింది. తెల్లవారాక అమ్మగారు అన్నారు: "బేటా, రాత్రి రెండుసార్లు వచ్చి నాకు దుప్పటి కప్పింది ఆ పిల్లే. అప్పుడు నువ్వు నిద్రలో ఉన్నావు."

మా తల దిగిపోయింది. వెళ్ళి చూస్తే ఆమె డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. తోటి మనిషి మనసు నొప్పిస్తే ఆ మనిషే క్షమించాలి. ఇది హుఖూఖుల్ ఇబాద్. రాత్రి ఆమె వచ్చేదాకా ఎదురుచూసి క్షమాపణ అడిగాము.

మనుషులకు కృతజ్ఞత తెలుపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని దైవప్రవక్త (స) బోధించారు. ఆమె ఏ మతస్థురాలైనా సరే, ఆసుపత్రి వదిలేముందు ఒక మంచిమాట చెప్పి రండి.

అల్లాహ్ రోగులకు స్వస్థతను, సేవకులకు ఓర్పును, మనకు కృతజ్ఞతా బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.