కగుయా కథలో బుద్ధుడు నిర్దయుడా?

ఇసావో తకహాతా 2013లో తీసిన జిబ్లీ చిత్రం ‘ప్రిన్సెస్ కగుయా కథ’ మీద ఒక ఘాటైన అభియోగం ఉంది: కగుయాను చంద్రలోకానికి తిరిగి తీసుకుపోవడానికి దిగివచ్చే బుద్ధమూర్తిని మనసులేనివాడిగా చూపి మోక్షాన్నే అవమానించిందని. ఈ మాట నిలవదు.

ఆ దృశ్యానికి మూలం హేయన్ కాలం నుంచి వస్తున్న జపాన్ చిత్రలేఖనం. మరణశయ్య మీది భక్తుణ్ణి తీసుకుపోవడానికి అమిద బుద్ధుడు మేఘమెక్కి, వాద్యాలు మోగించే బోధిసత్వులతో వస్తాడు. భక్తుడికి అది అభయం. తకహాతా ఆ ఊరేగింపునూ ఉల్లాసపు సంగీతాన్నీ అలాగే ఉంచి, ప్రేక్షకుణ్ణి మాత్రం బిడ్డను పోగొట్టుకుంటున్న పెంపుడు తల్లిదండ్రుల పక్కన నిలబెట్టాడు. భూలోకపు మాలిన్యం వదిలిపోతుందని దేవకన్య అంటే కగుయా ఒప్పుకోదు. ఇక్కడి సుఖదుఃఖాలను వెనకేసుకొస్తూ మాట్లాడుతుండగానే భూలోకాన్ని మరిపించే వస్త్రం ఆమె భుజాల మీద పడుతుంది. మాట మధ్యలోనే తెగిపోతుంది. అయినా ఆమె వెనుదిరిగి భూమిని చూసినప్పుడు కంట నీరు ఉంటుంది.

దుఃఖంతోపాటు మమకారమూ పోవాలంటే ఆ విముక్తిని కోరుకోవచ్చా? సినిమా అడిగేది ఇదే, అడగదగిన ప్రశ్నే. మహాయానం ప్రజ్ఞకు కరుణను జోడుగా నిలిపింది. జ్ఞాపకాన్ని తుడిచేయడం దాని దృష్టిలోనూ జ్ఞానోదయం కాదు. అందుకే తకహాతా సందేహం బౌద్ధానికి బయటిది కాదు.